బొబ్బిలి వంశచరిత్రము – చదువరుల తీర్పులు

1907వ సంవత్సరమున చెన్నపట్టణమునందు ఇంగ్లీషున నొక గ్రంథము ప్రకటింపఁబడెను. బొబ్బిలి సంస్థానాధీశ్వరులగు వేంకట శ్వేతాచలపతి రంగారావుగారు తమ జమీందారీ వృత్తాంతమును సవరించి, పెంచి, అచ్చొత్తించిన పుస్తకమది. ఒక సంస్థానప్రభువు తనయింటి కథను తానే చెప్పుటచేత నది చరిత్రమువలెను నున్నది, ఇంటిపెద్ద చెప్పుకొన్న జ్ఞాపకమువలెను నున్నది. పోయిన యిల్లు, పరదేశవాసము, మరల నింటికి రాక – ఈ మూఁడును దాని కథకు మూఁడు పట్టులు. ఆంధ్రదేశమున మొదటి పట్టు నెఱుఁగనివారు లేరు. కడపటి రెండును నెఱిఁగినవారు మిక్కిలి తక్కువ. ఈ కథను జదివినవారును విన్నవారును ఒక్కొక్కరొక్కొక తీర్పు చెప్పుటకుఁ గారణము నిచ్చటనే యున్నది.

వంశమూలమును ముందుగాఁ జెప్పవలెను. 1652 ప్రాంతమున శ్రీకాకుళమునకు ఫౌజుదారుగా వచ్చిన షేర్ మహమ్మదుఖానుని వెంబడి రెండు కుటుంబములు ఈ సీమకు వచ్చినవి. ఒకటి వేంకటగిరి వెలమదొరల శాఖకుఁ జెందిన పెద్దరాయనిది. మఱియొకటి పూసపాటి మాధవవర్మది. మొదటివారు బొబ్బిలిని, రెండవవారు కాలక్రమమున విజయనగరమును నెలకొల్పిరి. ‘షేర్’ అనఁగాఁ బులి గావున, ప్రభువునెడ భక్తిచేతఁ బెద్దరాయఁడు తన యూరికి పెద్దపులి పేరు పెట్టెననియు, అదియే బెబ్బులియై, బొబ్బిలియైనదనియు వారి సంప్రదాయము. పెదవులఁ బుట్టు బకారములనడుమ ఎకారము ఒకారమగుట వింతగాదు గనుక వ్యుత్పత్తి నంగీకరింపవచ్చును. ఏలికపేరు తన యూరికిఁ బెట్టుకొన్నవాఁడు ఆ యూరు తనదని యెంత గట్టిగా నమ్మెనో తరువాతి కథ చెప్పును.

ఇరుగుపొరుగు సంస్థానములకు సరిహద్దు తగవులు, ఏటినీటి తగవులు పెరిగెను. 1757వ సంవత్సరారంభమున ఫ్రెంచి సేనాని బుస్సీ ఉత్తరసర్కారులకు రాఁగా, విజయనగర ప్రభువగు పెదవిజయరామరాజు అతని యండఁ జేరెను. బుస్సీ బొబ్బిలి రంగారావునకుఁ జెప్పిపంపిన మాట యొకటి రాబర్టు ఆర్ముదొర 1778లోఁ బ్రకటించిన తన గ్రంథభాగమునఁ గలదు. బొబ్బిలి విడిచిపెట్టినచో నంతకంటె విరివియైన, విలువగల భూమి వేఱొకచోట నిత్తునన్నదే యా మాట. లెక్కకు లాభము, రంగారావు దానిని అవమానముగాఁ దలఁచెను. యుద్ధమున కెన్ని కారణములు చెప్పినను – బుస్సీ దివానగు హైదరుజంగు లంచము దినెనని బొబ్బిలివారు చెప్పుదురు – ఈ యొక్క ప్రశ్న చుట్టునే యవి తిరుగుచున్నవి. ఇంటికి మాఱుగా నిల్లు ఇయ్యవచ్చునా?

జనవరి 24వ తేదీని కోట ముట్టడింపఁబడెను. ఆర్ము లెక్కచొప్పున ముట్టడించినవారిలో 750 మంది ఐరోపావారు, విజయరామరాజు బలఁగము 11,000. కోటలో నాయుధము పట్టఁగలవారు 250 మంది. గెలువు లేదని తెలిసినపిమ్మట కోటలోని స్త్రీబాలురను తమవారే చంపి, యిండ్లకు నిప్పుపెట్టి, మగవారు పోరాడి మడిసిరి. పోరు ముగిసినవెంటనే యొక ముసలివాఁడు ఒక బాలుని వెంటఁబెట్టుకొనివచ్చి ఫ్రెంచి నాయకుఁడగు లా దొరకు అప్పగించి, వీఁడు రంగారావు కొడుకు, తండ్రి తలంపునకు విరుద్ధముగా నేను రక్షించితిని అని చెప్పెనఁట. ఆ ముసలివాని పేరు ఆర్ము చెప్పలేదు. అతఁడు స్వామియాజ్ఞను మీఱినవాఁడో, స్వామివంశమును నిలిపినవాఁడో చదువరులే తేల్చుకొనవలెను. ఆ బాలుఁడు చిన్న రంగారావు. అతఁడు బ్రతుకకున్నచో 1907 నాఁటి పుస్తకమే లేదు.

బుస్సీ యా బాలునకు, తండ్రి వలదన్న యా వేఱుచోటి భూమినే యిచ్చెనని ఆర్ము వ్రాసెను. తండ్రి ప్రాణముపెట్టి కాదన్నది కొడుకునకు దయగా దొరకెను. అదియు నిలువలేదు. విజయనగర రాజ్యతంత్రము సీతారామరాజు చేతికి వచ్చినపిమ్మటఁ జిన్న రంగారావు చెఱఁబడి, యటనుండి తప్పించుకొని నిజాము సీమకుఁ బోయి తలదాఁచుకొనెను. నివాసము, ఆవాసము, ప్రవాసము – మూఁటికిని ధాతు వొక్కటియే, వసించుట. ఉపసర్గ మాఱినంతనే మనుష్యుని బ్రతుకు మాఱుచున్నది. చిన్న రంగారావు వయస్సులో నధికభాగము ‘ప్ర’ యను నుపసర్గక్రిందనే గడచెను. కోట పడిన దినమున కొక గ్రంథము చాలదన్నట్లు వ్రాయు కవులు ఈ ముప్పదియేడేండ్లకు నాలుగు పద్యములైన వెచ్చింపరు.

1794లో విధి యెట్లు తిరిగెనో చూడుఁడు. కప్పము బాకీపడెనని కుంపిణీవారు విజయనగరమును స్వాధీనపఱచుకొని, అప్పటి ప్రభువు చినవిజయరామరాజును నెలకు 1,200 రూపాయల భరణముతో మచిలీపట్టణమున వాసముండుమనిరి. ఇదియు లెక్కకు లాభమే. ఆయన మచిలీపట్టణము పోక పద్మనాభమున దండు దిగెను. జూలై 10వ తేదీని ప్రెండర్‌గాస్టు నాయకత్వమున వచ్చిన కుంపిణీసేనతోఁ బోరి యచ్చటనే మరణించెను. 1757లో బొబ్బిలివారు విన్న మాటనే ముప్పదియేడేండ్లకు విజయనగరమువారు వినిరి; చెప్పిన జవాబును నొక్కటియే. ఆ కల్లోలములోనే కుంపిణీవారు చిన్న రంగారావును రప్పించి పిత్రార్జితమగు బొబ్బిలిని మరల నిచ్చిరి. విజయనగరమువారి కుమారుఁడు నారాయణబాబును, కొండదొరలచెంతఁ గొంతకాలముండి తిరిగివచ్చి, తగ్గిన జమీందారీతో నింటఁ బ్రవేశించెను. రెండిండ్లను నిలిపినది యొక్కచేయియే. ఆ చేయి తనకు రావలసిన కప్పమును మఱవలేదు.

ఇఁక చదువరుల మాట. బొబ్బిలి యభిమానులకు 1794 ధర్మము గెలిచిన సంవత్సరము. పునఃప్రతిష్ఠ యను మాట వారికి దేవాలయమున విగ్రహము నిలిపినట్లే వినఁబడును. కథలో ముప్పదియేడేండ్ల యోర్పునకుఁ దగిన ఫలము కనుపించుటచేత వారి కది తృప్తికరము. ఇందుఁ దప్పుపట్టవలసినది లేదు. తాతయింటి గోడ మరల లేచుట చూచి సంతసింపనివాఁడెవఁడు?

విజయనగరపక్షమువారి కదే సంవత్సరము పద్మనాభము. తమ ప్రభువు పడిన చోటినుండి చూచువారికి, పొరుగింటి పునఃప్రతిష్ఠ కుంపిణీవారి రాజనీతిలో నొక యెత్తు మాత్రమే. వారి మఱియొక యాక్షేపము బరువైనది. కోట పడిన మూఁడవ రాత్రి పెదవిజయరామరాజును గుడారమున నిదురించుచుండఁగా పొడిచి చంపిరి. ఆర్ము ఆ పొడిచినవారి పేళ్లు చెప్పలేదు. దేశమంతయు రాజామునుండి వచ్చిన తాండ్ర పాపారాయనిఁ జెప్పును. భారతమున నశ్వత్థామ రాత్రివేళ శిబిరముఁ జొచ్చినపుడు దానిని సౌప్తికమని తలవంచుకొని చదువుదుము. పాపారాయఁడు చేసినపుడు వీరమని చప్పట్లు కొట్టుదుము. ఇది న్యాయమా యని వారడుగుదురు. ప్రశ్న సరియైనదే. కాని భారతకవి యశ్వత్థామ దుఃఖమును దాఁపలేదు. బొబ్బిలి కథను జెప్పువారును కోటలోని శవములను జూపక గుడారమునకుఁ బోరు. ఆ వరుసలో విన్నవారికి మాత్రమే యా కృత్యము నర్థమగును. అర్థమగుట వేఱు, ఒప్పగుట వేఱు.

ఆంగ్లపాఠకులకు ఆర్ము నాఁటినుండి ఇది శౌర్యకథ. ఇచ్చటి పగ వారిది కాదు గనుక నిరుపక్షములను మెచ్చుట వారికి సులభము. మహారాజుగారు తెనుఁగున గాక యింగ్లీషున వ్రాయుట నీ పాఠకులకొఱకే యనుట స్పష్టము. దాని ఫలమేమనఁగా, ఏ యూరి కథ యందుఁ జెప్పఁబడెనో యా యూరిలో ననేకులు దానిని జదువలేకపోయిరి.

చదువలేనివారికి వేఱు గ్రంథము కలదు. అది జంగముల నోట నున్నది. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము పండితులు చదువుకొనిరి. తంబుర మీఁటుచు జంగము చెప్పిన బొబ్బిలి కథను ఊరంతయు వినెను. వేదము వేంకటరాయశాస్త్రిగారు 1916లో దానిని నాటకము చేసిరి, 1964లో చలనచిత్రమయ్యెను, 1986లో పాపారాయని పేరనే మఱియొక చిత్రము వచ్చెను. వీని కన్నిటికిని ప్రాణము 1757. వినువాఁడు పాపారాయని ప్రతిజ్ఞ తీఱుటతోడనే లేచి యింటికిఁ బోవును. చిన్న రంగారావు నిజాము సీమలో నెట్లు బ్రతికెనని యడుగువాఁడు లేఁడు. అతఁడు బ్రతికియుండుటయే కథకు నడ్డము. అందఱును మడిసినఁగాని కరుణరసము పండదు.

రైతు మాట యే పక్షమువారును నెత్తరు. సంస్థానచరిత్రములలో నది సామాన్యదోషము. ఏలిక మాఱినప్పుడెల్ల శిస్తు ఎవరికిఁ గట్టవలెనో తెలియక యిరువురకును గట్టినవారి కథ యెవరు వ్రాసిరి? కాలిన కోటకు మాఱుగా నూతనముగ లేచిన నగరికి మట్టి మోసినవారికి 1794 శుభవత్సరమా, కాదా? 1948లో జమీందారీల రద్దుచట్టము వచ్చినపుడు ఆ పల్లెలవారు బొబ్బిలి, విజయనగరము అను భేదము పాటింపలేదు.

ఇంటివారు వ్రాసిన చరిత్రమును పక్షపాతమని త్రోసివేయుట తేలిక. కోటలోపలి సంగతులకు, ప్రవాసమునందలి బ్రతుకునకు, ఇంటివారి జ్ఞాపకముకంటె సమీపమగు ప్రమాణము దొరకుట యరుదు; వానియందు దానిని ముందుగాఁ జదువవలెను. ఎల్లలతగవు, నీటితగవు, హైదరుజంగు లంచము – వీనియందు నొక పక్షపు మాట చాలదు. విజయనగర సంప్రదాయమును, కుంపిణీవారి లేఖలను దాని ప్రక్కఁ బెట్టినఁగాని తీర్పు చెప్పరాదు. ఒకే పుస్తకమును పుటపుటకు వేఱువేఱుగా నమ్ముట చదువరికిఁ గష్టమే.

బొబ్బిలి యుద్ధభూమిలో 1891వ సంవత్సరమున నొక రాతిస్తంభము నిలుపఁబడినది, నేఁడును చూడవచ్చును. పద్మనాభమున విజయరామరాజు సమాధి కలదు. కొండలనుండి తిరిగివచ్చి తండ్రి పోఁగొట్టుకొన్న యింటఁ బ్రవేశించిన నారాయణ గజపతి మాత్రము కడపటి దినములను విజయనగరమున గడపలేదు. కాశికిఁ బోయి, 1845లో నచ్చటనే దేహము చాలించెను. ఆ మాఱు వేఱొక చోటికిఁ బొమ్మని యెవరును జెప్పలేదు.