స్పెక్యులర్ మైక్రోస్కోపీ

కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా. దాని లోపలి అంచున ఒకే వరసగా పరుచుకున్న ఎండోథీలియం కణాలను కంటిని కోయకుండా ఫొటో తీసే పద్ధతి ఇది. ఈ పొర మందం 5 మైక్రాన్లకు అటూఇటూ. కార్నియాలోకి ఊరే నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడేసి దాన్ని తేటగా ఉంచుతుంది. మనిషి కంట్లో ఈ కణాలు పోతే కొత్తవి పుట్టవు, పక్కవి సాగి ఖాళీని కప్పుకుంటాయి. అందుకే వైద్యులకు వీటి లెక్కతో పని పడింది.

ఈ కణాలు కనిపించేది మెరుపులోనే. కణాలకూ వాటిని తాకి ఉన్న ద్రవానికీ వక్రీభవనంలో కాస్త తేడా ఉండటంతో, పడిన వెలుగులో ఏ కొంచెమో వెనక్కి తిరుగుతుంది. కార్నియా ముందు తలం నుంచి వచ్చే పెద్ద తళుకు దాన్ని మింగేస్తుంది. 1911లో గుల్‌స్ట్రాండ్, సన్నని వెలుగుతో కంటిని చూసే స్లిట్ ల్యాంప్‌ను పరిచయం చేశాక, స్విస్ నేత్రవైద్యుడు ఆల్‌ఫ్రెడ్ వోగ్ట్ సన్నని వెలుగును ఓరగా వేసి ఆ రెండు మెరుపులనూ విడదీశారు. బతికున్న కంట్లో కణాల అల్లికను చూశారు. చూడటమే గానీ లెక్కపెట్టే వీలు లేదు.

1968లో డేవిడ్ మారిస్ తయారుచేసిన మైక్రోస్కోపులో లెన్సు ఒక సగం గుండా వెలుగు వెళ్లి, రెండో సగం గుండా తిరిగొచ్చేది. ఆయన ఫొటో తీసింది బయటికి తీసిన కుందేలు కార్నియాను. 1975లో లేయింగ్ బృందం దాన్ని మనుషుల కంటికి పనికొచ్చేలా మార్చింది. మరుసటి ఏడాదే బోర్న్, కాఫ్‌మన్‌ల ఫొటోలు శుక్లాల ఆపరేషన్ చేసేవారిని కలవరపెట్టాయి: పైకి తేటగా ఉన్న కార్నియాలో కూడా కణాలు బాగా తగ్గిపోయి ఉన్నాయి! అమర్చే లెన్సు ఒక్కసారి ఆ పొరకు తగిలినా కణాలు పోతాయని తేలింది. ఆపరేషన్‌లో లోపలి పొరకు అడ్డంగా జిగట ద్రవం నింపే అలవాటు బలపడటానికి ఇదొక కారణం.

అప్పట్లోలా ఇప్పుడు కంటిని తాకే పనిలేదు. గడ్డం ఆనించి, వెలుగు చుక్కను చూస్తే చాలు. తెరమీద షట్కోణాలు తేనెపట్టులా పరుచుకుంటాయి. ఈ పొరను దెబ్బతీసే ఫుక్స్ వ్యాధి ఉంటే మధ్యమధ్య నల్లటి గుంటల్లాంటివి కనిపిస్తాయి. పెద్దవారిలో చదరపు మిల్లీమీటరుకు మామూలుగా 2,500 కణాల దాకా ఉంటాయి, 500కు దిగితే కార్నియా ఉబ్బే ప్రమాదం ఉంది. ఉబ్బిన కార్నియాలో మాత్రం ఈ యంత్రం తెల్లమొహం వేస్తుంది. అక్కడ కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు కావాలి.

నేత్రదానంగా వచ్చిన కార్నియాకూ ఇదే పరీక్ష. హైదరాబాద్‌లోని రామాయమ్మ ఐ బ్యాంక్ వంటి చోట్ల కార్నియా మార్పిడికి పనికొస్తుందో లేదో తేల్చడంలో ఈ లెక్క కూడా చూస్తారు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే ఫొటో తీస్తే కణాల హద్దులు మసకగా వస్తాయి. అందుకే సీసాను కాసేపు గది వేడిమిలో ఉంచి, ఆ తర్వాతే మైక్రోస్కోపు కింద పెడతారు.