నాన్నగారి రికార్డుల అలమరలోంచి

2021 డిసెంబర్‌లో ‘స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్’ మన ఊళ్లలోనూ ఆడింది, తెలుగు డబ్బింగ్‌తో సహా. సినిమా అయిపోయి తెర మీద పేర్లు పడుతుంటే ఓ హుషారైన పాట మొదలవుతుంది. దాని పేరు ‘ద మ్యాజిక్ నంబర్’. బాగుందే అనుకుని ఫోన్‌లో వెతుక్కున్న వాళ్లకు స్పాటిఫైలో దొరకలేదు, ఆపిల్ మ్యూజిక్‌లోనూ దొరకలేదు. అలాగని అది ఎవరికీ పట్టని పాటేం కాదు. భావి తరాల కోసం దాచిపెట్టాల్సిన రికార్డులంటూ అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఏటా ఒక జాబితా వేస్తుంది. ఈ పాట ఉన్న ఆల్బమ్ 2010 జాబితాకే ఎక్కింది.

ఆ ఆల్బమ్ ‘త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్’. డి లా సోల్ అనే బృందం మొట్టమొదటి ఆల్బమ్. టామీ బాయ్ సంస్థ 1989 మార్చి 3న విడుదల చేసింది. కెల్విన్ మెర్సర్, డేవిడ్ జోలికోర్, విన్సెంట్ మేసన్... ముగ్గురికీ అప్పటికి ఇరవై ఏళ్లు అటూ ఇటూ. న్యూయార్క్ పక్కనే లాంగ్ ఐలాండ్‌లో ఉన్న ఆమిటీవిల్ వాళ్ల ఊరు. నగరంలోని ఇరుకు వాడలు వదిలి, ముందు కాస్త పచ్చిక ఉన్న సొంతిల్లు కోసం నల్లజాతి మధ్యతరగతి కుటుంబాలు చేరిన ప్రాంతం అది. జోలికోర్ తనకిష్టమైన యోగర్ట్ స్పెల్లింగును వెనక నుంచి చదివి ‘ట్రూగాయ్’ అని పేరు పెట్టుకున్నాడు. ర్యాపర్లు తమ పేర్లలోనే పిడికిలి బిగించే రోజుల్లో పెరుగు పేరు పెట్టుకోవడానికి ఎంత ధీమా ఉండాలి!

అప్పటి హిప్ హాప్‌లో రెండు గొంతులు గట్టిగా వినిపిస్తున్నాయి. న్యూయార్క్ నుంచి పబ్లిక్ ఎనిమీ రాజకీయ ఆగ్రహం ఒకటి, లాస్ ఏంజెలిస్ వైపు నుంచి ఎన్.డబ్ల్యు.ఎ. వీధి కోపం ఇంకొకటి. మెడలో లావుపాటి బంగారు గొలుసులు, ముఖాన చిరునవ్వు లేకపోవడం అప్పటి పద్ధతి. డి లా సోల్ పసుపుపచ్చ అట్ట మీద పూలు గీయించుకుని దిగింది. ‘మీ మైసెల్ఫ్ అండ్ ఐ’ వీడియో చూస్తే విషయం అర్థమవుతుంది. అదొక తరగతి గది. ర్యాపర్ ఎలా నిలబడాలో, ఎలా చూడాలో పంతులు పాఠం చెబుతుంటాడు. గొలుసులేసుకున్న తోటివాళ్లు ఈ ముగ్గుర్నీ చూసి వెక్కిరిస్తుంటారు. ఆ పాట బిల్‌బోర్డ్ బ్లాక్ సింగిల్స్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. తమాషా ఏమిటంటే, పాడినవాళ్లకే తర్వాత ఆ పాటంటే మొహం మొత్తింది.

అసలు సంగతి సంగీతంలో ఉంది. పాత రికార్డులోంచి ఓ ముక్క కత్తిరించి, యంత్రంలోకి ఎక్కించి, మళ్లీ మళ్లీ తిప్పడాన్ని శాంప్లింగ్ అంటారు. అది అప్పటికే అందరూ చేస్తున్న పనే. ఎక్కువమంది జేమ్స్ బ్రౌన్ డ్రమ్ముల చుట్టూ తిరుగుతుంటే వీళ్లు ఇంట్లో అమ్మానాన్నలు కొన్న డిస్కులన్నీ కిందకి దింపారు. మొదటి సింగిల్ ‘ప్లగ్ ట్యూనిన్’కి ఆధారం మెర్సర్ తండ్రి దగ్గరున్న పాత సోల్ రికార్డు. ‘ద మ్యాజిక్ నంబర్’ పల్లవికి మూలం పిల్లలకు ఎక్కాలు నేర్పే టీవీ పాట. ఆల్బమ్ పేరుకు మూలం తెల్లవాళ్ల పల్లె సంగీతానికి పెద్ద దిక్కయిన జానీ క్యాష్. వరద నీళ్లు ఎన్నడుగులు వచ్చాయో లెక్క చెబుతూ ఆయన పాడిన 1959 నాటి పాట అది.

‘ఐ నో’ అన్న పాటను ఒక్కసారి జాగ్రత్తగా వినండి. స్టీలీ డాన్ 1977లో చేసిన ‘పెగ్’లోంచి ఓ ముక్క. దాని మీద ఓ ఈల. ఓటిస్ రెడ్డింగ్ 1967లో, విమాన ప్రమాదంలో పోవడానికి కొన్ని రోజుల ముందు రికార్డు చేసిన పాట చివర వేసిన ఈల అది. ఒకటి స్టూడియోలో గంటల తరబడి నునుపు చేసిన తెల్లవాళ్ల జాజ్ రాక్, ఇంకొకటి దక్షిణాది సోల్. పదేళ్ల ఎడం. ఈ రెండూ ఒకే గదిలో పుట్టాయా అన్నంతగా అతుక్కుపోతాయి. అతుకు కనిపెట్టిన శ్రోతకు ఒక ఆనందం, కనిపెట్టని శ్రోతకు హాయైన ప్రేమ పాట. నా మటుకు నాకు ఈ ఆల్బమ్ ఆకర్షణంతా ఇక్కడే ఉందనిపిస్తుంది. ఫలానా సంగీతం మనది, ఫలానాది వాళ్లది అన్న గిరి ఈ కుర్రాళ్లు గీసుకోలేదు.

వాళ్లను ఇలా నడిపించినవాడు ప్రిన్స్ పాల్. స్టెట్సాసోనిక్ బృందంలో డీజే, వాళ్ల ఊరివాడే, వాళ్లకంటే కాస్త పెద్ద. ఆల్బమ్ మొదట్లోనే ఓ ఉత్తుత్తి టీవీ క్విజ్ మొదలవుతుంది. పాటల మధ్య మళ్లీ మళ్లీ వచ్చి పలకరిస్తుంది. హరిదాసు అసలు కథ ఆపి పిట్టకథ ఎత్తుకున్నట్టు ఉంటుంది ఆ వరస. హిప్ హాప్ ఆల్బముల్లో ‘స్కిట్’ అనే అలవాటు ఇక్కడి నుంచే పాకింది. తర్వాత వచ్చిన వాటిలో నవ్వొచ్చేవి తక్కువే అనుకోండి.

చిక్కు వచ్చింది కూడా అలాంటి ఓ చిన్న ముక్క దగ్గరే. ‘ట్రాన్స్‌మిటింగ్ లైవ్ ఫ్రమ్ మార్స్’ నిడివి నిమిషం పైచిలుకు. ద టర్టిల్స్ పాడిన ‘యూ షోడ్ మీ’ని వేగం తగ్గించి, దాని మీద ఫ్రెంచ్ పాఠాల రికార్డు పెట్టారు. చాలా శాంపిళ్లకు అనుమతులు తెచ్చిన టామీ బాయ్ దీన్ని వదిలేసింది. టర్టిల్స్ సభ్యులు హోవర్డ్ కేలన్, మార్క్ వోల్మన్ దావా వేశారు. కోర్టు బయట రాజీ కుదిరింది. టర్టిల్స్ అడిగింది అన్యాయమనలేం. వాళ్ల గొంతు, వాళ్ల వాద్యాలు. కానీ ఇదే ఆల్బమ్‌లో ‘పాట్‌హోల్స్ ఇన్ మై లాన్’ అనే పాట ఉంది. అది తమ చరణాలు ఎవరో కాజేస్తున్నారని వీళ్లు పెట్టుకున్న మొర!

1991 డిసెంబర్‌లో బిజ్ మార్కీ అనే మరో ర్యాపర్ కేసులో జడ్జి కెవిన్ డఫీ, దొంగతనం కూడదన్న బైబిల్ ఆజ్ఞతోనే తీర్పు మొదలుపెట్టాడు. అక్కడి నుంచి ప్రతి ముక్కకూ ముందే అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. డజన్ల కొద్దీ ముక్కలతో ఇలాంటి ఆల్బమ్ చేయడం మామూలు బడ్జెట్‌కు అందని పనైపోయింది. డి లా సోల్ అప్పటికే పూల బొమ్మను వదిలించుకుంది. అదే ఏడాది వచ్చిన రెండో ఆల్బమ్‌కు ‘డి లా సోల్ ఈజ్ డెడ్’ అని పేరు పెట్టి, అట్ట మీద పగిలిన పూలకుండీ వేసింది.

ఈ ఆల్బమ్ శాంపిళ్లకు పాత ఒప్పందాలు రాసినప్పుడు ఇంటర్నెట్‌లో పాటలు అమ్మడం ఎవరి ఊహలోనూ లేదు. ఆ శాంపిళ్లకు డిజిటల్ హక్కులు ఎవరిస్తారు, ఎవరెంత పంచుకుంటారు అన్నది ఏళ్ల తరబడి తేలలేదు. విసిగిపోయిన బృందం 2014 ప్రేమికుల రోజున తమ పాత ఆల్బములన్నీ ఉచితంగా దింపుకోమని అభిమానులకు తలుపులు తెరిచింది, ఇరవై అయిదు గంటల పాటు. రిజర్వాయర్ మీడియా 2021లో టామీ బాయ్‌ని కొన్నాకే ముడి వీడింది. ఆల్బమ్ సరిగ్గా 34వ పుట్టినరోజున, 2023 మార్చి 3న, స్ట్రీమింగ్‌కు వచ్చింది. ట్రూగాయ్ అంతకు దాదాపు మూడు వారాల ముందే, ఫిబ్రవరి 12న, 54 ఏళ్లకు పోయాడు.

ఇప్పుడు ఫోన్‌లో వినపడేది అచ్చంగా 1989 నాటిదే కాదు. అనుమతి దొరకని కొన్ని ముక్కల్ని మళ్లీ వాయించి పెట్టారు. పాత డిస్కు ఉన్నవాళ్లు ఆ తేడా పట్టుకుని తెగ వాదించుకుంటారు. కొత్తగా వినేవాళ్లకు ఆ గొడవ అక్కర్లేదు. కాకపోతే అందరూ చెప్పే ‘మీ మైసెల్ఫ్ అండ్ ఐ’తో మొదలుపెట్టకండి. క్విజ్ దగ్గర్నుంచి వరసగా వినండి, షఫిల్ నొక్కకుండా.