వీరగల్లు నుంచి నిషేధిత జాబితా దాకా

ఊళ్లో తెలుగు పంతులని పేరు పడినవాడికి బడిపని గాక ఇంకో పని తగులుకుంటుంది. అర్జీలు రాసిపెట్టడం. వితంతు పింఛను అర్జీ, పాసుపుస్తకంలో పేరు తప్పు పడిందన్న అర్జీ, బోరుకు కరెంటు అర్జీ. ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య ఉద్యోగం చేస్తూ నేను రాసిన వ్యాసాలకంటే రాసిచ్చిన అర్జీలే ఎక్కువ. ఈ వ్యాసానికి మూలం కూడా ఒక అర్జీయే.

ఎమ్మిగనూరు దగ్గరి పల్లెనుంచి ఒక మాజీ సైనికుడు వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. గుడ్డసంచిలోంచి డిశ్చార్జి పుస్తకం, రెండు పతకాలు, ఒక డి.కె.టి. పట్టా తీసి బల్లమీద పెట్టాడు. సైన్యంలో పనిచేసినందుకు ప్రభుత్వం ఇచ్చిన మెట్టపొలం అది. భార్య వైద్యానికి అందులో సగం అమ్ముకుందామని పోతే రిజిస్ట్రేషను చెయ్యమన్నారు. పొలం నిషేధిత జాబితాలో ఉందట. పతకాన్ని వేళ్లతో తిప్పి అంచు చూపించాడు. "సారూ, ఈ బిళ్ళ అంచున నా నెంబరుండాది. దీన్ని ఎవురూ తుడిపేకి కాదు. పొలం మాత్రం నాది కాదంటారు" అన్నాడు.

సైనికుణ్ణి గౌరవించడమంటే ఏమిటి? ఆ గౌరవం రాయి మీద ఉంటుందా, బిళ్ళ మీద ఉంటుందా, పొలంలో ఉంటుందా? అది ఎవరికి దక్కాలో ఎవరు నిర్ణయిస్తారు? మన ప్రాంతపు చరిత్రలో ఈ ప్రశ్నలకు ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది. ఆ జవాబులను వరసగా పెట్టి చూడడమే ఇక్కడ నా ప్రయత్నం.

మా పడమటి ప్రాంతం తెలుగు, కన్నడం కలిసే చోటు. ఈ రెండు భాషల నేలల్లోనూ వీరగల్లులు ఉన్నాయి. సాధారణంగా కింది అంతస్తులో పోరు, నడుమ వీరుణ్ణి మోసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం ముందు చేతులు జోడించిన వీరుడు. ఆ చనిపోయినవాడు చాలా సందర్భాల్లో రాజు కాదు. ఊరి పశువులను తోలుకుపోతున్నవారిని అడ్డగించి పడిపోయిన మామూలు మనిషి. అలాంటివాడి కుటుంబానికి భూమి ఇచ్చేవారు. కన్నడ శాసనాలు దాన్ని 'నెత్తరు గొడగె' అన్నాయి. నెత్తురు చిందినందుకు ఇచ్చిన మాన్యమన్న మాట. ఆ దానాన్ని చెరిచినవాడికి కాశీలో కపిలగోవును చంపిన పాపం తగులుతుందని శాపవాక్యం. ఆనాటికి అదే చట్టం, అదే శిక్ష.

దీన్ని స్వర్ణయుగమని పొగడనక్కరలేదు. భూస్వామ్య ప్రభువు ఊరికే భూమి ఇవ్వడు. తండ్రి నెత్తురుకు మాన్యమిస్తే కొడుకు కత్తి పడతాడన్న లెక్క అందులో ఉంది. అయినా ఒక్క సంగతి గమనించాలి. ఆ వ్యవస్థలో గౌరవం, బతుకుతెరువు వేరు కాలేదు. రాయి ఉన్నచోట భూమి కూడా ఉంది. ఈ రెంటినీ విడదీసింది వలసపాలన.

1800లో నిజాం మన జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. తన రక్షణకు నిలిపిన కంపెనీ సైన్యం ఖర్చు కింద ఇచ్చుకున్నాడు. అంటే దత్తమండలం పుట్టుకే సైనిక జీతాల పద్దులో జరిగింది. ఆ జిల్లాలకు తొలి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. వృత్తిరీత్యా సైనికాధికారి. పాలెగాళ్లను అణచి, రైతువారీ పద్ధతికి పునాది వేసిన మనిషి. మద్రాసు గవర్నరుగా ఉండగా 1827 జూలై 6న మా పక్కనున్న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. అక్కడ ఆయన జ్ఞాపకార్థం బావి, తోపు వెలిశాయి. మద్రాసులో గుర్రంమీది కంచు విగ్రహం నిలిచింది.

మరి పాలెగాళ్ల కింద కత్తిపట్టి ఊళ్లను కాసిన కట్టుబడి బంట్ల సంగతేమిటి? వారికి జీతం బదులు మాన్యాలుండేవి. కొత్త ప్రభుత్వానికి వారి కత్తి అక్కరలేదు గనుక మాన్యమూ అక్కరలేకపోయింది. కట్టుబడి మాన్యాలను ప్రభుత్వం లాక్కోవడం మొదలుపెట్టింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఇదొకటి. ఆయన వంతు కుటుంబ పింఛను నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలన్నది అందరికీ తెలిసిందే. పోయిన బంధువుల పింఛను తనకు రావాలని ఆయన అడిగితే ప్రభుత్వం కాదంది. ఆయనకు పింఛను తగాదా అయితే ఆయన వెంట నడిచిన కట్టుబడులకు అది కూటి తగాదా. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయనను ఉరితీసి, తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. అదీ ఒక రకం స్మారకమే, భయం పుట్టించడానికి పెట్టింది.

అదే నరసింహారెడ్డి పేరు 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి పెట్టారు. మంచిదే. ఆయన మీద జనం కట్టుకున్న పాటలు అంతకు చాలా ముందునుంచీ ఆయన్ను బతికించాయి. కాని మాన్యాలు పోగొట్టుకుని ఆయన వెంట నడిచిన కట్టుబడుల పేర్లు ఏ బోర్డుమీదా లేవు. నాయకుడికి విగ్రహం దక్కిన కాలంలో కూడా బంటుకు రాయి దక్కలేదు. వీరగల్లు కాలంకంటే మనం ఈ విషయంలో వెనక్కి పోయామా అన్న అనుమానం నాకుంది.

స్మారకాల మీద తగాదా కోర్టుకెక్కిన ఘట్టం 1927లో మద్రాసులో జరిగింది. అప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉంది. మౌంట్ రోడ్డు మీద కర్నల్ నీల్ విగ్రహం ఉండేది. మద్రాసు ఫ్యూజిలియర్స్ దళాన్ని నడిపి, 1857లో అలహాబాదు, కాన్పూరు ప్రాంతాల్లో చేసిన దారుణాలకు పేరుపడ్డవాడు. ఉరితీయబోయే బందీలచేత హత్యాస్థలంలోని నెత్తురు కడిగించాడు. అలాంటివాడి విగ్రహాన్ని తొలగించాలని 1927లో యువకులు సత్యాగ్రహం చేశారు. సుత్తి, గొడ్డలి పట్టి విగ్రహాన్ని కొట్టినవారికి కోర్టులు జైలుశిక్షలు వేశాయి. అహింస తప్పవద్దని హెచ్చరిస్తూనే గాంధీజీ ఉద్యమాన్ని సమర్థించాడు. చివరకు 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక విగ్రహం మద్రాసు మ్యూజియానికి చేరింది.

పదేళ్లలో చట్టం మారలేదు, విగ్రహం మారలేదు. అధికారం కొంత చేతులు మారింది. విగ్రహాన్ని కొట్టడం నేరమన్న ప్రభుత్వం ఒకటి, దాన్ని పీఠంమీదినుంచి దించిన ప్రభుత్వం ఇంకొకటి. మన్రో గుర్రం మాత్రం మద్రాసులో నిలిచే ఉంది. జనం స్మృతిలో ఎవరెవరికి ఎంత చోటుందో ఈ రెండు విగ్రహాల గతిని బట్టి అర్థం చేసుకోవచ్చు.

స్వాతంత్ర్యం తర్వాత ప్రశ్న మరో రూపం తీసుకుంది. రాజ్యాంగం 18వ అధికరణం ప్రభుత్వం బిరుదులివ్వడాన్ని నిషేధించింది. రావుబహదూర్ల కాలం పోయింది. అయితే సైనిక, విద్యా గౌరవాలను ఆ నిషేధంనుంచి మినహాయించింది. సైనిక గౌరవం ప్రజాస్వామ్యంలో కూడా నిలవదగిందని రాజ్యాంగకర్తలు భావించారు. మరి సైనికుడెవడు? 1945లో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారులు రాజద్రోహులుగా విచారణకు నిలబడ్డారు. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవం నాడు వచ్చిన పింఛను పథకంలో ఆ ఫౌజువాళ్లు స్వాతంత్ర్య యోధులుగా చేరారు. 1980లో ఆ పథకానికి స్వతంత్రతా సైనిక్ సమ్మాన్ అన్న పేరు వచ్చింది. సమ్మానం ఇమ్మని దరఖాస్తు పెట్టుకోవాలి. దరఖాస్తుకు రుజువులు జతచెయ్యాలి.

ఇక్కడ మా తుంగభద్ర కథలోకి వస్తుంది. 1948 దాకా ఆ నది రెండు రాజ్యాల సరిహద్దు. ఇటు మంత్రాలయం, మాధవరం బ్రిటిషిండియా. అటు రాయచూరు నిజాం రాజ్యం. హైదరాబాదు రాజ్యంలో పోరాడినవారికి చుట్టూ ఉన్న సరిహద్దు శిబిరాలే ఆశ్రయం. ఆ శిబిరాల్లో పనిచేసినవారిని కేంద్రం 1985లో సమ్మాన్ పథకంలోకి తీసుకుంది. వారి దరఖాస్తులను వడపోసిన సంఘానికి అధ్యక్షుడు కమ్యూనిస్టు నాయకుడు చండ్ర రాజేశ్వరరావు. పనిచేసినట్టు కాగితం చూపించమంటే శిబిరంలో ఉన్నవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? అజ్ఞాతవాసంలో ఉన్నవాడు తనమీద రికార్డు లేకుండా చూసుకోవడానికే అజ్ఞాతవాసం చేశాడు. నలభై ఏళ్ల తర్వాత ఆ రికార్డే అడిగారు. వాయిదాలు తిరిగి, హైకోర్టుల్లో రిట్లు వేసి, తీర్పు వచ్చేలోపు కన్నుమూసినవారు ఎందరో.

సుప్రీంకోర్టు రెండు మంచి మాటలు చెప్పింది. హైదరాబాదు రాజ్యంలో 1938–39 ఆర్యసమాజ ఉద్యమంలో పాల్గొన్నవారి కేసులో, 1993లో ముకుంద్‌లాల్ భండారీ తీర్పు, ఆలస్యంగా వచ్చారన్న కారణంతో దరఖాస్తులను తోసిపుచ్చవద్దంది. ఆ పథకం త్యాగానికి ఖరీదు కట్టడానికి వచ్చింది కాదని, గౌరవించడానికి వచ్చిందని గుర్తుచేసింది. 2001లో గురుదయాళ్ సింగ్ కేసులో, క్రిమినల్ కేసులో అడిగినంత గట్టి రుజువు వీరిని అడగకూడదంది. కాని అదే కోర్టు 2005లో మరాఠ్వాడాలోని బీడ్ జిల్లా కేసు వినవలసివచ్చింది. అక్కడ దొంగ ధ్రువపత్రాలతో సమ్మానం పొందారన్న ఆరోపణ వందలాది మందిమీద వచ్చింది. కాగితమే సాక్ష్యమైనప్పుడు నిజంగా పోరాడి కాగితం లేనివాడు ఓడిపోతాడు. పోరాడకుండా కాగితం సంపాదించినవాడు గెలుస్తాడు.

ఇంకో గీత కూడా ఉంది. గుర్తింపు హైదరాబాదు విలీన పోరాటానికే. 1948 సెప్టెంబరులో నిజాం సైన్యం లొంగిపోయింది. దున్నేవాడికి భూమి కావాలన్న తెలంగాణ రైతాంగ పోరాటం మాత్రం 1951 అక్టోబరు దాకా నడిచింది. అదే రైతు, అదే నాటుతుపాకి. సెప్టెంబరు ముందు యోధుడు, తర్వాత నేరస్థుడు. నిజాం పోవడానికి చేసిన పోరు సమ్మానానికి అర్హమైంది. దొర భూమి పోవడానికి చేసిన పోరు కాలేదు. పాలకవర్గం గౌరవించే వీరత్వానికి హద్దు ఎక్కడుందో ఈ ఒక్క తేదీ చెబుతుంది.

మళ్లీ మా సైనికుడి దగ్గరికి వస్తాను. పేదలకిచ్చిన భూములు పెద్దల చేతుల్లోకి పోకుండా ఆంధ్రప్రదేశ్ 1977లో అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం తెచ్చింది. ఇది అభ్యుదయకరమైన చట్టం. దాన్ని మనం కాపాడుకోవాలి కూడా. అయితే మాజీ సైనికులకు, స్వాతంత్ర్య యోధులకు ఇచ్చిన భూములను పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చని 1993 నవంబరు 11న 1117 నంబరు జీవో వచ్చింది. అంటే ఆ భూమిని ప్రభుత్వం వారి సేవకిచ్చిన ప్రతిఫలంగా ఒప్పుకుంది. 2007లో రిజిస్ట్రేషను చట్టానికి 22-ఎ సెక్షను చేరింది. దాని కింద నిషేధిత జాబితాలు తయారయ్యాయి. జాబితా రాసినచోట సర్వే నంబరే కనిపించింది గాని, ఆ భూమి ఎవరికి ఎందుకిచ్చారో కనిపించలేదు. అలా సైనికుల పొలాలు కూడా అందులో పడ్డాయి. హైకోర్టుకెక్కినవారికి అనుకూలంగా తీర్పులొచ్చాయి. కోర్టుకు పోలేనివాళ్ల పొలాలు జాబితాలోనే ఉండిపోయాయి. చట్టం పెద్దల చేతులను ఆపడానికి వచ్చింది. ఇక్కడ అది ఒక ముసలివాడి చేతిని పట్టుకుంది.

రచయితలకు, సాహిత్య విద్యార్థులకు ఇందులో పనేమిటని అడగవచ్చు. పని చాలా ఉంది. పలనాటి వీరులనుంచి ఇప్పటిదాకా మన సాహిత్యం వీరుణ్ణి కీర్తించింది. యుద్ధం నుంచి తిరిగొచ్చి తాలూకా ఆఫీసు మెట్లెక్కిన సైనికుణ్ణి అంతగా పట్టించుకోలేదు. మన కథల్లో సైనికుడు చాలాసార్లు ఒక ఉత్తరంగానో, ఒక టెలిగ్రాంగానో వచ్చిపోతాడు. రైతుకొడుకు సైన్యంలో ఎందుకు చేరుతున్నాడో, వానరాని మెట్టనేలకూ ఆ చేరికకూ సంబంధమేమిటో రాసినవారు తక్కువ. ఇనాం రిజిస్టర్లు, కోర్టు తీర్పులు, పింఛను దరఖాస్తులు ఇవన్నీ సామాన్యుడి జీవితం మాటల్లోకెక్కిన చోట్లు. ఎంతో మందికి జీవితంలో ఒకే ఒక్క ఆత్మకథ అర్జీ రూపంలో రాయవలసివచ్చింది. వాటిని సాహిత్య పరిశోధకులు వెతికి చదవాలి. కాగితం లేనివాడికి సాక్షిగా నిలబడడం రచయిత పని.

1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాధర్మం కాదు, చేసిన పనికి దక్కే హక్కు అని చెప్పింది. ఆ తీర్పు చదివిన నేనే, ఆ రోజు అర్జీ రాస్తూ అలవాటు కొద్దీ 'తమరు దయతలచి' అని మొదలుపెట్టాను. చదివి వినిపించాను. ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"దయ అని రాయొద్దు సారూ. ఇచ్చిందే కదా నేనడిగేది" అన్నాడు.

ఆ మాట కొట్టేసి, కొత్త కాగితం తీసుకుని మళ్లీ మొదటినుంచి రాశాను.