రాసిన మాట, రాయని మాట: ముళబాగిలు సీమలో బుల్లితెర ప్రేక్షకులు

టెలివిజన్ ధారావాహికల మీద, రియాలిటీ షోల మీద మామూలు ప్రేక్షకులు చెప్పే అభిప్రాయాలను సాహిత్య చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు. కాలక్షేపం కబుర్లుగా వాటిని వదిలేశారు. అయితే కోలారు జిల్లా ముళబాగిలు వంటి ప్రాంతంలో ఆ కబుర్లకు భాషాచరిత్రలో ఒక చోటు ఉందని నా అభిప్రాయం. ఇక్కడ చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బడిలో మాత్రం కన్నడం చదువుకున్నారు. తెలుగు వింటే ప్రతి మాటా తెలుస్తుంది, తెలుగు అచ్చు చదవమంటే ఇబ్బంది పడతారు. తెలుగు నవల గాని, తెలుగు వారపత్రిక గాని ఇటువంటి ఇళ్లకు అంతగా చేరలేదు. తెలుగు టీవీ చేరింది. కాబట్టి వీరి విషయంలో ప్రేక్షకుడి అభిప్రాయం ఒక రకంగా పాఠకుడి అభిప్రాయమే.

ముందుగా ప్రాంతం సంగతి కొంత చెప్పుకోవాలి. ముళబాగిలు అనే పేరు కన్నడంలోని 'మూడల బాగిలు' నుంచి వచ్చింది. తూర్పు వాకిలి అని దానికి అర్థం. బెంగుళూరు నుంచి కోలారు మీదుగా చిత్తూరుకు పోయే పాత రహదారి మీద ఉన్న ఊరు ఇది. నంగలి దాటితే పలమనేరు వైపు ఆంధ్రదేశం మొదలవుతుంది. ఆధునిక కన్నడ సాహిత్యంలో పెద్దలైన డి.వి. గుండప్ప 1887లో పుట్టింది ఈ ఊళ్లోనే. కోలారు జిల్లా జనాభాలో సగానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారని 1951 నాటి లెక్కలు చూపించాయి. అయినా 1956 పునర్విభజనలో జిల్లా మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయింది. దక్షిణాన బంగారు గనుల పట్టణంలో తమిళం బలంగా ఉంది. అప్పట్లో కోలారు జిల్లాలోనే ఉండి, 2007 నుంచి చిక్కబళ్లాపుర జిల్లాకు చెందిన కైవారంలో నారాయణప్ప తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పారు. ఆయన తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో అచ్చు వేసుకుని పాడుకునే భక్తులు నేటికీ ఉన్నారు. లిపి ఒకరిది, మాట ఇంకొకరిది కావడం ఈ సీమకు కొత్త కాదు.

బుల్లితెర మీద ఇక్కడా, తక్కిన తెలుగునాట కూడా వినబడే ఫిర్యాదులు ప్రధానంగా రెండు. ధారావాహికను సాగదీస్తున్నారన్నది మొదటిది. రియాలిటీ షోలో జరిగేదంతా ముందే రాసిపెట్టుకున్నదన్నది రెండవది. 'స్క్రిప్టెడ్' అన్న ఆంగ్ల పదం ఈ రెండవ ఫిర్యాదుతోనే తెలుగులోకి, కన్నడంలోకి దిగింది. గమనించవలసిన విశేషం ఒకటుంది. ధారావాహికను రాస్తారని అందరికీ తెలుసు, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. రియాలిటీ షోను రాస్తే మాత్రం మోసమంటారు. అంటే ప్రేక్షకుడు రాతను నిందించడం లేదు. చేసిన ఒప్పందాన్ని తప్పడాన్ని నిందిస్తున్నాడు. ఈ తేడా ఈ సీమ జనానికి టీవీ నేర్పింది కాదు. అంతకు చాలా ముందే రెండు ప్రదర్శనకళలు దాన్ని నేర్పి ఉన్నాయి.

మొదటిది భారతం. పొరుగున ఉన్న చిత్తూరు జిల్లాలో ధర్మరాజుల గుళ్ల దగ్గర ఏటా భారతం తిరునాళ్లు జరుగుతాయి. సాధారణంగా పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి తెల్లవారేదాకా వీధినాటకం. అర్జునుడి వేషధారి పొడవాటి తపసుమాను ఎక్కి పైనుంచి నిమ్మకాయలు, పండ్లు విసిరితే సంతానం కోరే స్త్రీలు కొంగు పట్టి అందుకుంటారు. చివరిరోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ జరుగుతుంది. తరువాత అగ్నిగుండం తొక్కుతారు. ఈ కథ ముగింపు తెలియని మనిషి ఆ గుంపులో ఒక్కడూ ఉండడు. అయినా పద్దెనిమిది రోజులూ వస్తారు. సాగదీత ఇక్కడ దోషం కాదు, అదే పండుగ. అర్జునుడు ఫలానా ఇంటి కుర్రవాడని తెలిసే ఆ పండు కళ్లకద్దుకుంటారు. రాసిపెట్టిన కథలో నిజం ఎక్కడ ఉంటుందో ఈ ప్రేక్షకులకు ఒకరు చెప్పనక్కరలేదు.

రెండవది అవధానం. ఇక్కడ ఒప్పందం దీనికి పూర్తిగా విరుద్ధం. పృచ్ఛకుడు ఏమి అడుగుతాడో అవధానికి ముందు తెలియకూడదు. నిషేధాక్షరిలో అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతారు. అప్రస్తుత ప్రసంగి పద్యం మధ్యలో సంబంధం లేని ప్రశ్న వేసి ఏకాగ్రత చెడగొట్టాలని చూస్తాడు. సభ కళ్ల ముందే పద్యం పుట్టాలి. సమస్య ముందే చేరిందని ఎవరైనా గుసగుసలాడితే ఆ అవధానం విలువ పోతుంది, పద్యం ఎంత బాగున్నా సరే. తిరుపతి వేంకట కవులు తెలుగునాట ఊరూరా తిప్పిన ఈ ప్రక్రియను కన్నడంలో మళ్లీ నిలబెట్టిన శతావధాని ఆర్. గణేశ్ పుట్టింది 1962లో కోలారులోనే. ఆయనకు కన్నడ, సంస్కృతాలతో పాటు తెలుగు పద్యం మీదా అధికారం ఉంది. ఈనాటి పరిభాషలో చెప్పాలంటే భారతం ధారావాహిక, అవధానం రియాలిటీ షో. మొదటిదాన్ని ఎంత బాగా చెప్పారని అడుగుతాం. రెండవదాన్ని నిజంగా అప్పటికప్పుడు చెప్పారా అని అడుగుతాం.

ఇక టీవీ చరిత్రకు వద్దాం. బెంగుళూరు దూరదర్శన్ కేంద్రం 1981లో మొదలైంది. 1982 ఆగస్టు 15 నుంచి ఢిల్లీ జాతీయ కార్యక్రమం వచ్చింది. 1984 జూలైలో 'హమ్ లోగ్' ప్రారంభమైంది. మెక్సికోలో కుటుంబ నియంత్రణ వంటి సందేశాలను కథలో కలిపి చెప్పిన ధారావాహికలను చూసి రూపొందించిన ప్రయోగమిది. నాలుగు లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. ప్రేక్షకుడి అభిప్రాయానికి మనదేశంలో దొరికే మొదటి పెద్ద నిధి అదే. ఆ తరువాత 1987 జనవరి నుంచి 'రామాయణ్', 1988 అక్టోబరు నుంచి 'మహాభారత్' నడిచాయి. భాష హిందీ. ముళబాగిలు ఇళ్లలో తెలుగుగాని కన్నడంగాని కాని మూడో భాష అది. అయినా చూశారు. హరికథలో విన్న కథ కాబట్టి మాట అర్థం కాకపోయినా కథ అడ్డు తగలలేదు.

1990ల నడుమ ఈ స్థితి మారింది. 1994లో ఉదయ టీవీ కన్నడంలో, 1995లో జెమిని, ఈటీవీ తెలుగులో మొదలయ్యాయి. కేబుల్ తీగ రాష్ట్ర సరిహద్దును లెక్కచేయదు. తెలుగు చదవడం రాని ఇంటికి తొలిసారిగా ప్రతిరోజూ తెలుగు కథ వచ్చింది. ఇందులో ఇంకొక విచిత్రం కూడా ఉంది. 1960ల నుంచి కన్నడ చిత్రరంగం డబ్బింగ్‌ను వ్యతిరేకిస్తూ వచ్చింది. చట్టంలో నిషేధం లేకపోయినా ఆచరణలో నిషేధమే అయింది. టీవీకి కూడా అదే వర్తించింది. 2012లో ఆమిర్ ఖాన్ 'సత్యమేవ జయతే' ఈటీవీలో తెలుగు మాటలతో వచ్చింది గాని కన్నడ మాటలతో ప్రసారం కాలేదు. భారత పోటీ కమిషన్ 2015లో ఈ కట్టడిని తప్పుపట్టింది. 2020 లాక్‌డౌన్‌లో చిత్రీకరణలు ఆగిపోయినప్పుడు డబ్బింగ్ ధారావాహికలు కన్నడ చానళ్లలో కుదురుకున్నాయి. అంతవరకూ దాదాపు పాతికేళ్లపాటు, హిందీ ధారావాహికలను తెలుగు మాటలతో చూసే వీలు ముళబాగిలు తెలుగు కుటుంబానికి ఉంది. పక్కింటి కన్నడ కుటుంబానికి తన భాషలో ఆ వీలు లేదు. పక్కింటివారికి ఆ కథను తెలుగులో చూడడమో, కన్నడంలో తిరిగి తీసినప్పుడు చూడడమో దారి అయింది. డబ్బింగ్ వద్దన్నవారి వాదంలో బలం లేకపోలేదు. తమ భాషలో కథలు తామే తీసుకోవాలని, తమ కళాకారులకు పని ఉండాలని వారి పట్టుదల. డబ్బింగ్ తెలుగు వింటే ఆ వాదం సులభంగా బోధపడుతుంది. పెదవుల కదలికకు సరిపోయేలా కుదించిన, పెంచిన ఆ తెలుగును ఏ జిల్లా వారూ తమదని చెప్పుకోలేరు.

నేరుగా తెలుగులో రాసిన ధారావాహికల భాషకు మరో హద్దు ఉంది. మన సినిమా చాలాకాలం కోస్తా జిల్లాల చదువుకున్నవారి పలుకుబడిని నాయకుడికి ఇచ్చింది. సీమ పలుకును ప్రతినాయకుడికి, తెలంగాణ పలుకును హాస్యానికి కేటాయించింది. ధారావాహికలు చాలావరకు ఆ బాటనే నడిచాయి. ముళబాగిలులో వినబడే 'వచ్చిండాడు', 'చేస్తా ఉండాడు', 'యాడికి' వంటి రూపాలు మంచి ఇంటి అత్తాకోడళ్ల నోట వినిపించడం అరుదు. కన్నడం కలిసిన తెలుగు అసలు వినిపించదు. ఉదాహరణకు 'తొందర' మనకు త్వరపాటు. కన్నడంలో 'తొందరె' అంటే ఇబ్బంది. రెండు భాషల ఇంట్లో ఎవరైనా తొందరగా ఉందంటే ఏ అర్థమో సందర్భమే చెప్పాలి. ఇటువంటి సంభాషణను రాసే రచయితకు హైదరాబాదులోనూ చోటు లేదు, బెంగుళూరులోనూ లేదు. ఫలితంగా ఇక్కడి ప్రేక్షకులు తమ భాషలో ఉన్న కథను, తమది కాని పలుకులో విన్నారు.

ముందుగా రాయని మాటకు తెర మీద చోటిచ్చినవి పాటల పోటీలు. 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా' అందుకు మేలైన ఉదాహరణ. పాట ముందే రాసి ఉంటుంది. పాడే పిల్ల తడబాటు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం దిద్దే తీరు మాత్రం అప్పటికప్పటివి. అదే బాలు కన్నడంలో 'ఎదె తుంబి హాడువెను' నడిపారు. ఒకే పెద్దమనిషి రెండు భాషల్లో పిల్లల ఉచ్చారణ సరిదిద్దడం సరిహద్దు ఇళ్లకు ఎంతో సహజంగా తోచిన విషయం.

తరువాత వచ్చింది బిగ్‌బాస్. 1999లో నెదర్లాండ్స్‌లో పుట్టిన 'బిగ్ బ్రదర్' దీనికి మాతృక. హిందీలో 2006లో, కన్నడంలో 2013లో సుదీప్ నిర్వహణలో, తెలుగులో 2017లో జూనియర్ ఎన్.టి.ఆర్. నిర్వహణలో ఆరంభమైంది. రెండు భాషల ఇళ్లలోనూ ఒక నియమం ఉంది. కన్నడ ఇంట్లో కన్నడమే మాట్లాడాలి, తెలుగు ఇంట్లో తెలుగే మాట్లాడాలి. తప్పితే పైనుంచి గొంతు హెచ్చరిస్తుంది. భాషమీద ప్రేమతో పెట్టిన నియమమే కావచ్చు. అయితే తెలుగులో మొదలైన వాక్యం కన్నడంలో ముగిసే ముళబాగిలు ఇంటి నుంచి చూస్తే, వాస్తవాన్ని చూపిస్తామన్న ఆ ఇంట్లో తమ వాస్తవం నియమోల్లంఘన అవుతుంది. ఆ షోలో గొడవలు ముందే రాసినవా కావా అన్నది ప్రేక్షకులు వాదించుకునే విషయం. ఈ నియమం మాత్రం ముందే రాసినదనడంలో వాదమే లేదు.

ఈ షోలు మాండలికానికి చేసిన మేలును కూడా కాదనకూడదు. 2020లో తెలుగు నాలుగో విడతలో జగిత్యాల జిల్లా పల్లె నుంచి వచ్చిన గంగవ్వ తన తెలంగాణ పలుకును ఏమాత్రం సర్దుకోకుండా మాట్లాడారు. ఆరోగ్యం సహకరించక మధ్యలో బయటికి వచ్చినా ఆమె మాట జనానికి గుర్తుండిపోయింది. 2025 జనవరిలో ముగిసిన కన్నడ పదకొండో విడతలో హావేరి వైపు జానపద గాయకుడు హనుమంత గెలిచారు. ఏ రచయితా వీరికి సంభాషణలు రాసి ఇవ్వలేకపోయేవాడు. అయినా ఇరవై నాలుగు గంటల బతుకును కూర్పరి గంటకు కుదిస్తాడు. ఏ మాట ఉంచాలో, ఏ మాట తీసేయాలో అతని చేతిలో ఉంటుంది. రాయడం కలంతోనే జరగాలని నియమం లేదు, కత్తెరతోనూ జరుగుతుంది. ఇదంతా రాసినదేనని ప్రేక్షకుడు అనుమానించడంలో ఉన్న సత్యాంశం ఇదే.

పై చరిత్రను బట్టి తేలేది ఏమిటంటే, ఈ సీమ ప్రేక్షకుడు ధారావాహికను అబద్ధమని తోసేయలేదు, రియాలిటీ షోను నిజమని నమ్మేయలేదు. భారతాన్ని చూసిన కంటితో మొదటిదాన్ని, అవధానాన్ని కొలిచే కొలతతో రెండవదాన్ని చూశాడు. ఆ తీర్పు చెప్పిన భాషే రెండింటిలోనూ కనబడకుండా పోయింది. ఆ తెలుగుకు అచ్చులో ఉనికి లేదు, తెర మీద ఉనికి లేదు. ఉన్నది నోటి మీదనే. 1984లో 'హమ్ లోగ్' చూసేనాటికి ముప్పై ఏళ్ల వయసున్నవారు ఇప్పుడు డెబ్భై దాటారు. భారతం తిరునాళ్ల నుంచి బిగ్‌బాస్ దాకా చూసిన చివరి తరం వారిదే. తెలుగు పీఠాలు పద్యాలనూ తత్త్వాలనూ సేకరించినట్టే, ఈ పెద్దలు టీవీ గురించి చెప్పే మాటలను కూడా కన్నడం కలిసిన చోట విడదీయకుండా, 'వచ్చిండాడు'ను 'వచ్చాడు'గా దిద్దకుండా శబ్దముద్రణ చేసి భద్రపరచడం అవసరం. ఖర్చు కొద్ది, వ్యవధి ఇంకా కొద్ది.