గాలితుపాకి – గాలికాపుదల

లక్షలు వెచ్చించి కొన్న ఎయిర్ రైఫిల్ మీటరుముల్లు రాత్రి 200 బార్ల కడనుండి తెల్లవారుసరికి 150కి దిగజారి కనబడినప్పుడు, దాని యజమాని మొదట దుకాణదారుని, పిదప నిర్మాతను, తుదకు తన అదృష్టమును నిందించుట లోకసహజము. ఇంత వెల పెట్టిన వస్తువునకు ఈ తెవులేమని అతని ప్రశ్న. కాని ఆ తెవులు నిన్న మొన్నటిది కాదు. ముందుగా నింపియుంచిన సంపీడితవాయువుచేత గుండును తఱుము ఆయుధము పుట్టి నాలుగువందల యేండ్లు దాటినది; అన్నియేండ్లును దానిని నిర్మించినవారికి బలమును సమకూర్చుట కంటె, సమకూర్చిన బలమును జాఱిపోకుండ నిలుపుటయే పెద్ద పని యైనది. మందుతుపాకిలో శక్తి నిద్రించుచుండును, నిప్పు తగులుదాక దానికి కావలి అక్కఱలేదు. గాలితుపాకిలో శక్తి రేయింబవళ్లు మేలుకొనియే యుండి తప్పించుకొనుటకు సందు వెదకుచుండును. కావున ఈ యాయుధచరిత్రము వ్రాయబూనినవాడు ఆ సందులను మూయుటకు పనివాండ్రు వాడిన తోలును, కొమ్మును, రబ్బరును గూర్చియే ఎక్కువగా వ్రాయవలసి వచ్చును.

స్టాక్‌హోమ్‌లోని రాజాయుధ ప్రదర్శనశాలలో 1580 ప్రాంతమునాటి గాలితుపాకి యొకటి కలదు. నేడు నిలిచియున్నవానిలో అదియే మిక్కిలి ప్రాచీనమని చెప్పుదురు. ఐతే అది గాలిని దాచియుంచునది కాదు, కాల్చు క్షణమున మడమలోని తిత్తిని స్ప్రింగుచే నొక్కి గాలిని పుట్టించునది. క్షణకాలము పుట్టి పోవు గాలికి కాపుదల యెందులకు? నింపి దాచు పద్ధతి పదునేడవ శతాబ్దారంభమున ఫ్రాన్సులో, నాలుగవ హెన్రీ కొలువున శిల్పిగా నుండిన మారిన్ ల బూర్జ్వా కట్టిన తుపాకితో ప్రసిద్ధికి వచ్చెను. 1608 నాటి ఫిరంగిశాస్త్ర గ్రంథమొకటి దానిని వర్ణించినది. అప్పటినుండియే చిక్కు మొదలైనది.

ఆ చిక్కు ఎంతటిదో తుపాకులతో సంబంధము లేని శాస్త్రజ్ఞులును త్వరలోనే యెఱిగిరి. రాబర్ట్ హుక్ నేర్పుతో రాబర్ట్ బాయిల్ 1659లో సిద్ధపఱచుకొన్న వాయుపంపు గాలిని లోనికి నింపుటకు గాక వెలికి లాగుటకు ఏర్పడినది. ఐనను గాలి పోకడ దిశ మాఱినదే కాని బాధ మాఱలేదు. ముషలకమునకు చుట్టిన తోలుపై ఆహారమున వాడు నూనె పోయుచు, కుళాయి అతుకులకు వైద్యులు పుండ్లపై వేయు సీసపు పట్టుమందును మెత్తుచు బాయిల్ పడిన పాట్లను అతడే తన 1660 నాటి గ్రంథమున దాచక చెప్పెను. పాత్ర కారుచున్నది గనుక అందు శూన్యమున్నదను మాటయే కల్ల యని తత్త్వవేత్త థామస్ హాబ్స్ వాదమునకు దిగెను. వాయుపీడనమునకును పరిమాణమునకును గల సంబంధమును బాయిల్ 1662లో ప్రకటించినపుడు గాలితుపాకి లెక్క తేటపడినది. అతుకు బిగింపునకు మాత్రము లెక్క లేదు. అది పనివాని చేతిలోని విద్యగనే నిలిచినది.

ఆ విద్య ఒక సైన్యమంతటికి ఉపయోగపడునా యను పరీక్ష ఆస్ట్రియాలో జరిగినది. టైరోల్ ప్రాంతపు తుపాకిపనివాడు జిరార్దోని కట్టిన వాయురైఫిల్‌ను రెండవ జోసెఫ్ చక్రవర్తి సైన్యము 1780 ప్రాంతమున స్వీకరించెను. సుమారు 4 అడుగుల పొడవును, పదిపౌండ్ల బరువును గల ఆ తుపాకి గొట్టము ప్రక్కన మఱియొక చిన్నగొట్టముండును. దానిలో సుమారు ఇరువది సీసపుగుండ్లు వరుసగా నిలుచును. సైనికుడు తుపాకిమూతిని పైకెత్తి, అడ్డముగా నున్న దిమ్మెను వ్రేలితో నొక్కి విడిచినచో ఒక గుండు తనంతట దొర్లి స్థానమునకు వచ్చును. పొగ లేదు, మెఱుపు లేదు, వానకు తడియు మందు లేదు. నిలుచుండి మందు కూరుకొనవలసిన కాలమున పండుకొనియే వరుసగా కాల్చగల ఈ యాయుధము శత్రువునకు ఎంత భయంకరమై తోచియుండునో ఊహించుకొనవచ్చును.

దాని ప్రాణమంతయు మడమలోనే యుండెను. మడమ యన్నది చెక్క కాదు, తోలుతొడుగు గల ఇనుపపాత్ర. ఇనుపరేకును కొట్టి వంచి, అంచులను రివెట్లతో బిగించి, కరగించిన లోహముతో అతికి, దానిని గాలి కారనిదానిగా చేయుట ఆనాటి కమ్మరమునకు గొప్ప పరీక్ష. చేతిపంపుతో సుమారు 1500 మాఱులు కొట్టినచో పాత్రలో పీడనము చదరపుటంగుళమునకు 800 పౌండ్లు, అనగా సుమారు 55 బార్లు చేరును. దానితో ముప్పది గుండ్లవఱకు బలముగా కాల్చవచ్చును. అందుచేతనే ఒక్కొక్క సైనికునికి నింపిన పాత్రలు అదనముగా ఇచ్చెడివారు. ఇంత శ్రమతో కూర్చిన గాలిని కాపాడునది ఒక తోలువాషరు. తోలు తడిగా నున్నంతవఱకు ఉబ్బి సందును నింపును. ఎండినచో ముడుచుకొని దారి విడుచును. సైకిలుషాపులో పంపు గాలి పట్టనప్పుడు షాపువాడు దాని తోలువాషరును వెలికి తీసి రెండు చుక్కల కొబ్బరినూనె వేసి సాగదీయుట చూచినవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కఱలేదు. ఐతే సైకిలుపంపు చెడినచో ప్రయాణము ఆగును; యుద్ధభూమిలో జిరార్దోని పాత్ర చెడినచో ప్రాణమే ఆగును. తోలును తడిపి యుంచుట, అతుకులను పరీక్షించుట, లోపల చేరిన తేమవలన ఇనుము త్రుప్పుపట్టకుండ చూచుట, ఇవన్నియు నేర్చిన పనివాండ్రు ఆయుధశాలలో నుండిరి గాని కవాతుచేయు పటాలములో లేకుండిరి. 1815 నాటికి ఆ తుపాకి సైన్యమునుండి తప్పుకొన్నది. దాని శక్తి చాలదని కాక, దానిని పోషించువారు చాలరని విడిచిరనుటయే న్యాయము.

ఇట్టి తుపాకియే యని చరిత్రకారులు పలువురు తలచు ఒకటి అమెరికాలో వేఱొక యశస్సు నార్జించినది. 1803లో పశ్చిమదిశకు బయలుదేఱిన అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ దానిని వెంటగొనిపోయి, నదీతీరములందలి ఆదివాసి ప్రజల సభలలో కాల్చి చూపుచుండెను. ఆ యేడే దారిలో దానిని చూచిన థామస్ రాడ్నీ అను నతడు, అది నిమిషమునకు ఇరువది రెండు గుండ్లు కాల్చునని తన దినచర్యలో వ్రాసికొనుచు, అన్ని అంగములును చక్కగా నున్నప్పుడు మాత్రమే యను నియమమును కూడ చేర్చెను. ఈ నియమమే గాలితుపాకుల చరిత్రమున మాటిమాటికి ఎదురగునది. లూయిస్ అదృష్టమేమనగా, అతని బృందమున జాన్ షీల్డ్స్ అను కమ్మరి యుండెను. 1805 జూనులో ఆ తుపాకి ప్రధానపు స్ప్రింగును మార్చి దానిని మరల పనికి తెచ్చినవాడతడే. ఆస్ట్రియా పటాలములకు కొఱవడినది అడవిదారిలో ఒక్క తుపాకికి దొరకినది.

జపానుదేశమున బివా సరస్సు చెంత తుపాకిపనికి పేరొందిన కునితొమొ గ్రామమున ఇక్కాన్‌సాయ్ అను శిల్పి డచ్చివారి గాలితుపాకిని చూచి, 1819 ప్రాంతమున తానే యంతకంటె బలమైనదానిని నిర్మించెను. ఆ చేయియే పిదప పరావర్తన దూరదర్శినులను మలచినది. అద్దమును మెఱుగుపెట్టుటకును వాల్వును దాని పీటపై సందులేకుండ కూర్చుండబెట్టుటకును కావలసిన నేర్పు ఒక్కటే: కంటికి కనబడని యెగుడుదిగుడును చేతితో కనిపెట్టి తొలగించుట. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పనివాండ్రు చేతికఱ్ఱలో దాగిన గాలితుపాకులను విరివిగా చేసిరి. వాని వాల్వులకు కొమ్మును తరణిపట్టి వాడెడివారు. తోలువలె ఎండి ముడుచుకొనక, లోహమువలె మొండిగా నిలువక, పీటకు తగినట్లు ఒదుగు గుణము కొమ్మునకు కలదు. కానన్ డాయిల్ 1903లో వెలువరించిన షెర్లాక్ హోమ్స్ కథలో హంతకుడైన కర్నల్ మోరాన్ చేతికి సడిలేని గాలితుపాకినే యిచ్చెను. కాని అప్పటికే లోహపు తూటాలు తుపాకిపనిని సులభముచేసి, గాలితుపాకిని వేడుకవస్తువుల గదికి పంపివేసినవి.

దానిని మరల గదినుండి వెలికి తెచ్చినది తుపాకిపనివాడు కాడు. చార్లెస్ గుడ్ఇయర్ 1844లో రబ్బరును గంధకముతో పక్వము చేయు విధానమునకు పేటెంటు పొందెను. డెన్మార్కున పుట్టి అమెరికాలో ట్రాముబండ్ల వాయుబ్రేకులను మెఱుగుపఱచిన నీల్స్ క్రిస్టెన్‌సెన్, తన వృద్ధాప్యమున రబ్బరువలయమును గాడిలో నిలుపు పద్ధతిని కనిపెట్టి 1939లో పేటెంటు సంపాదించెను. రెండవ ప్రపంచయుద్ధమున విమానములలో కుదురుకొన్న ఆ వస్తువునే నేడు ఓ-రింగు అందురు. దాని చమత్కారము తోలుతో పోల్చిచూచినగాని తెలియదు. తోలు తన ఉబ్బుచేత గాలిని ఆపజూచును. ఓ-రింగు గాలి బలముచేతనే గాలిని ఆపును. గాడిలో కొంచెము వదులుగా నున్న ఆ వలయమును వచ్చిన పీడనము ఒక మూలకు నెట్టి, సందుపై ఒత్తి, అందులో ఇఱికించును. పీడనమెంత పెరిగిన బిగింపు నంత పెరుగును. తప్పించుకొనజూచువానినే తలుపునకు గడియగా వాడుకొను ఉపాయమిది.

1970ల చివర ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైరులో డేస్టేట్ సంస్థ మొదట జంతువులకు మత్తుసూది వేయు తుపాకులతో ప్రారంభించి, పిదప వేటకును గుఱికిని ముందుగా గాలి నింపు రైఫిళ్లను చేయనారంభించినది. పిమ్మట స్వీడనులో ఎఫ్ఎక్స్ సంస్థయు, జర్మనీ ఆస్ట్రియాల పోటీతుపాకుల నిర్మాతలును ఈ మార్గమునే పట్టిరి. 55 బార్లకు బదులు 200, 250, 300 బార్లు పాత్రలోనికి వచ్చినవి. 200 బార్లనగా 6 మిల్లీమీటర్ల వ్యాసము గల చిన్న వాల్వుపై సుమారు 58 కిలోల ఒత్తిడి. ఆ యొత్తిడియే వాల్వును పీటపై అదిమి పట్టును. ఈ హేతువుచేతనే నిండుగా నున్న తుపాకి చక్కగా నిలిచి, సగము తఱిగినది గాలిని విడుచుట కద్దు: లోని బలము తగ్గినకొలది కావలియు సడలును.

నేటి ఖరీదైన తుపాకిలో సందులు పూర్వముకంటె హెచ్చు. పాత్ర మెడ, మీటరు మర, నింపుడు నోరు, రెగ్యులేటరు, వాల్వు, గొట్టపు పీట, ఒక్కొక్కచోట ఒక్కటో రెండో ఓ-రింగులు. రెగ్యులేటరనునది పాత్రలోని అధికపీడనమును దించి, ప్రతి గుండునకును సమానమైన గాలి నందించు అంగము. దానిలో దొంతరగా పేర్చిన గిన్నెబిళ్లల స్ప్రింగు ముషలకమును తోయుచుండును. ఆ స్ప్రింగున్న గది బయటిగాలితోనే నిండియుండవలెను గాన, దానికి ఒక సన్నని రంధ్రమును నిర్మాతయే తెఱచియుంచును. లోని ఓ-రింగు అరిగినచో గాలి ఆ రంధ్రమునుండియే బుసకొట్టును. తెలియనివాడు ఆ రంధ్రమునే దోషమని మూయబూని తుపాకిని మరింత చెఱచును. సబ్బునురుగు పూసి బుడగ లేచుచోటును కనిపెట్టుట నేటికిని ఉత్తమపరీక్ష. కారణము విప్పిచూచినచో తఱచుగా స్వల్పమే: గాడిలో చేరిన లోహపుపొడి, నింపుటలో వచ్చిన ఇసుకరేణువు, చేతిపంపు తెచ్చిన తేమ, బిగించునప్పుడు మరయంచున తెగిన రబ్బరు. ఓ-రింగులకు సిలికోను గ్రీజునకు బదులు పెట్రోలియపు నూనె పూయుట మఱింత ప్రమాదము. అధికపీడనమున వేడెక్కిన గాలిలో అది అంటుకొనగలదు.

మీటరుముల్లు దిగుటయెల్ల కారుటయే యనుకొనుటయు పొరపాటే. మండుటెండలో 45 డిగ్రీల వేడిమియందు 200 బార్లకు నింపిన పాత్ర రాత్రి 25 డిగ్రీలకు చల్లబడినచో, ఒక్క చుక్క గాలియు పోకుండనే మీటరు 187 చూపును. వేగముగా నింపినపుడు పాత్ర వేడెక్కి, పిదప చల్లాఱునప్పుడు ముల్లు వెనుకకు వచ్చుటయు ఇట్టిదే. కావున తెలిసినవాడు నిదానముగా నింపి, చల్లాఱనిచ్చి, అదే వేడిమియందు మరునాడు చూచి, అటుపిమ్మటగాని కారుచున్నదని తీర్పు చెప్పడు.

ఈ కాపుదలకు తెలుగునాట ఒక ప్రయోజనము లేకపోలేదు. 1984లో ఒలింపిక్ క్రీడలలో చేరిన పదిమీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో 2008లో అభినవ్ బింద్రా స్వర్ణమును, 2012లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యమును గెలిచిరి. ఆ పోటీ లక్ష్యమున పదిపాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. ప్రతి గుండు వెనుక గాలి ఒక్కరీతిగా లేకున్న ఎంతటి స్థిరహస్తమునకైనను దానిని తాకుట కష్టము. ఆ తుపాకుల పాత్రపై కాలపరిమితి ముద్రించియుండును, తయారైన పదియేండ్లకు దానిని మార్చవలెను. గాలిని మోయు లోహమునకును ఆయుర్దాయము కలదని అధికారికముగా ఒప్పుకొనుట యిది.

వెల హెచ్చిన తుపాకి కారకూడదను ఆశ న్యాయమే గాని, వెల పెరిగినకొలది అంగములును, అంగములతోపాటు సందులును పెరుగునను సంగతి మఱువరాదు. ఓ-రింగు అరుగునది, ఎండునది, తెగునది. తోలున కంటె దీర్ఘాయువే కాని చిరంజీవి కాదు. మంచి నిర్మాతయనగా ఎన్నడును కారనిదానిని చేసితినని చెప్పువాడు కాడు. కొద్ది రూపాయల ఓ-రింగును ఎక్కడ, ఏ కొలతది, ఏ పనిముట్టుతో మార్చవలెనో యజమానికి తేటగా తెలిపి, ఆ చోటికి చేయి పోవునట్లు తుపాకిని కట్టినవాడు. ఆస్ట్రియా సైన్యము ఓడినదియు, షీల్డ్స్ నెగ్గినదియు ఈ యొక్క విషయముననే. కొనబోవువాడు గుండు వేగమెంతయని అడుగుటకు ముందు, విప్పుట ఎట్లని అడుగుట మేలు.