ఉష్ణ విశ్లేషణ: మట్టి ముద్ద నుంచి మందు బిళ్ల వరకు

రెండు బంకమట్టి ముద్దలు చూపుకు ఒకేలా ఉంటాయి. బట్టీలో కాలిస్తే ఒకటి గట్టి ఇటుక అవుతుంది, మరొకటి బీటలు వారుతుంది. బట్టీకి ఎక్కించక ముందే ఈ తేడాను పసిగట్టడం ఎలా?

1887లో పారిస్‌లో హెన్రీ లీ చాట్లియర్ మట్టి నమూనాలో థర్మోకపుల్ ఉంచి వేడిచేశాడు. రసాయన సమతాస్థితి పాఠంలో మీరు చదివే నియమం ఈయనదే. సమాన కాలవ్యవధుల్లో వెలిగే విద్యుత్ స్ఫులింగాల కాంతి, గాల్వనామీటరు అద్దంపై పరావర్తనం చెంది ఫొటో పలకపై గీతలుగా పడేది. ఉష్ణోగ్రత సమంగా పెరిగితే గీతల ఎడం సమంగా ఉంటుంది. మట్టిలో బంధితమైన నీరు విడిపోయేటప్పుడు ఉష్ణం ఖర్చయి గీతలు దగ్గరవుతాయి. ఉష్ణం వెలువడితే దూరమవుతాయి. ఈ గీతల వరసను బట్టి ఆయన మట్టి రకాలను వేరుచేశాడు.

అయితే ఒక చిక్కు ఉంది. కొలిమి వేడి నిలకడగా లేకపోయినా గీతలు జరుగుతాయి కదా! 1899లో బ్రిటన్‌కు చెందిన రాబర్ట్స్ ఆస్టెన్ దీనికి పరిష్కారం చూపాడు. నమూనా పక్కనే మార్పు చెందని మరో పదార్థాన్ని ఉంచి, రెండింటి ఉష్ణోగ్రతల భేదాన్ని మాత్రమే నమోదు చేశాడు. కొలిమి ఒడుదొడుకులు రెండింటికీ సమానం కాబట్టి, మిగిలే భేదం నమూనాదే.

1915లో జపాన్ శాస్త్రవేత్త కొటారో హోండా కొలిమిని త్రాసుతో జతచేసి, వేడిచేస్తూనే బరువు తూచాడు. దీని ఉపయోగం ఒక లెక్కతో చూద్దాం. శుద్ధమైన కాల్షియం కార్బొనేట్ 100 మిల్లీగ్రాములు పూర్తిగా వియోగం చెందితే 44 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్ పోతుంది. మీ సున్నపురాయిలో 33 మిల్లీగ్రాములే తగ్గితే, మలినాలు బరువు కోల్పోవనుకుంటే, దాని శుద్ధత 75 శాతం.

1960లలో వచ్చిన డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరీమీటరు, నమూనా గ్రహించే ఉష్ణం ఎంతో కూడా కొలిచింది. దీని అవసరం ఎంతటిదో 1998లో తెలిసివచ్చింది. ఎయిడ్స్ మందు రిటోనవిర్‌లో తక్కువగా కరిగే కొత్త స్ఫటిక రూపం ఏర్పడి, గొట్టాల మాత్రలను మార్కెట్ నుంచి ఉపసంహరించాల్సి వచ్చింది. అణువు అదే, ఫార్ములా అదే. అమరిక మాత్రమే వేరు. ఇలాంటి రూపాలు తరచు వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద కరుగుతాయి కనుక ఈ పరికరం వాటిని పట్టిస్తుంది.

ఒక్క పరికరం అన్నీ చెప్పదు. మంచు కరిగినా త్రాసుకు తెలియదు. ఉష్ణం ఎంతో కొలిచే పరికరం పోయిన వాయువు పేరు చెప్పదు. అందుకే ప్రయోగశాలలో ఒక సాక్ష్యాన్ని మరో సాక్ష్యంతో సరిచూసుకోవాలి.