వాడకు పేరెవరు పెట్టారు? – హైదరాబాద్ బస్తీల పేర్లూ, హద్దులూ

పల్లెల్లో మనవాళ్ళు ఇప్పటికీ "ఊళ్ళోకి పోయొస్తా" అంటారు. ఆ మాట అనే మనిషి ఆ ఊళ్ళోనే పుట్టాడు. ఆ ఊరి ఓటర్ల లిస్టులోనే ఉన్నాడు. ఆ ఊరి పొలాల్లోనే నడుం వంచాడు. అయినా అతను ఉండేది ఊరు కాదు, వాడ. ఊరు అతను 'పోయొచ్చే' చోటు. వెలి అంటే ఏమిటో చెప్పడానికి ఈ ఒక్క మాట చాలు. ఊరికీ వాడకూ మధ్య గీత భూమి మీదనే కాదు, మనం రోజూ మాట్లాడే భాషలోనూ గీసి ఉంది.

మరి పట్నం సంగతేమిటి? పట్నంలో కులం కనపడదనీ, బస్సెక్కితే అందరూ ఒకటేననీ చాలామంది చదువుకున్నవాళ్ళు అంటుంటారు. ఈ వ్యాసంలో మేము హైదరాబాద్, సికింద్రాబాద్ నగరాల పేటల, గూడల, బస్తీల పేర్లను ముందు పెట్టుకుని ఆ మాట ఎంతవరకు నిజమో చూస్తున్నాం. ఒక చోటుకు పేరు పెట్టేదెవరు? దాని హద్దు ఎక్కడని చెప్పేదెవరు? ఆ పేరు ఎప్పుడు కాగితం మీదికి ఎక్కుతుంది, ఎప్పుడు ఎక్కదు? ఇవీ మా ప్రశ్నలు.

నగర చరిత్ర రాసినవాళ్ళు పేర్ల గురించి రాయలేదని కాదు, బాగానే రాశారు. అఫ్జల్‌గంజ్ ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పేరున వచ్చింది. ఆరో నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం వల్ల ఆబిడ్స్ వచ్చింది. దుకాణం పోయి చాలా కాలమైంది, పేరు మాత్రం ఉంది. నిజాం సైన్యంలో సేనానిగా పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచివాడు రేమాండ్ జనం నోట్లో నలిగి 'మూసారాం' అయ్యాడు, మూసారాంబాగ్ అలా వచ్చిందే. అతని ఫిరంగుల కర్మాగారం ఉన్న చోటును జనం 'తోప్ కా సాంచా' అన్నారు, కాగితాల్లో అది గన్‌ఫౌండ్రీ. వినడానికి ఈ కథలు బాగానే ఉంటాయి. కానీ ఎవరి కథలివి? నవాబులవి, సేనానులవి, షాపు యజమానులవి. ఆ వీధులు ఊడ్చినవాళ్ళు ఎక్కడ పడుకున్నారో ఈ కథలు చెప్పవు.

రెండో రకం పేర్లు పని చేసుకు బతికినవాళ్ళవి. పాలు అమ్మిన గౌలీల చోటు గౌలిగూడ. పల్లకీలు మోసిన బోయీల చోటు బోయిగూడ. కంటోన్మెంటు సైన్యానికి డేరాలు వేసిన ఖలాసీల చోటు కళాసిగూడ. గుర్రాలకు గడ్డి అమ్మిన మండీ ఘాస్‌మండి. సికింద్రాబాద్‌కు సికిందర్ జా పేరు కాగితం మీద ఉన్నా, జనానికి అది లష్కర్, అంటే సైన్యం ఉన్న చోటు. 'లష్కర్ బోనాలు' అనే ఇప్పటికీ అంటాం. ఇక్కడ జనం పెట్టిన పేర్లు నిలిచాయి, బస్సు బోర్డుల మీదికి ఎక్కాయి. ఇది సంతోషించాల్సిన సంగతే.

అయితే ఇందులోనూ ఒక మెట్టు ఉంది. మోరీలు తీసినవాళ్ళు, పాయఖానాలు ఎత్తినవాళ్ళు, చచ్చిన గొడ్డును మోసినవాళ్ళు, తోలు పదును చేసినవాళ్ళు కూడా ఈ నగరంలోనే ఉన్నారు. వాళ్ళ చోట్లకూ పేర్లున్నాయి. తెలుగులో మాలవాడ, మాదిగవాడ. ఉర్దూ నోట్లో ధేడ్‌వాడా, మెహతర్‌వాడీ. కానీ ఈ పేర్లు మేము చెప్పిన గూడల పేర్ల లాగా బస్సు బోర్డు మీదికి ఎక్కలేదు. ఎక్కమని మనమూ కోరుకోలేదు, ఎందుకంటే అవి పేర్లుగా కన్నా తిట్లుగానే ఎక్కువ వినపడ్డాయి. పల్లకీ మోసినవాడి పని అతని గూడకు పేరైంది. మలం మోసినవాడి పని అతనికి తిట్టయింది. పని పేర్లన్నీ ఒకటే అనుకునేవాళ్ళు ఈ తేడా గమనించాలి.

ఇక హద్దుల మాట. బస్తీలో పెద్దల్ని పట్టుకుని మీ బస్తీ ఎక్కడిదాకా అని అడిగితే వార్డు నంబరు చెప్పరు. మోరీ దాకా మాది అంటారు. పోచమ్మ గుడి కాడి నుంచి రైలు పట్టాల దాకా అంటారు. బోరింగు, చర్చి, బొందలగడ్డ, కల్లు కాంపౌండు – ఇవీ గుర్తులు. ఈ గుర్తులు ఊరికే వచ్చినవి కావు. ఊరిబావి దగ్గరికి రానివ్వలేదు కాబట్టి మన నీళ్ళ చోటు మనకు గుర్తు. వాళ్ళ శ్మశానంలో చోటివ్వలేదు కాబట్టి మన బొందలగడ్డ మనకు గుర్తు. వాళ్ళ గుడి గడప తొక్కనివ్వలేదు కాబట్టి మన పోచమ్మ, మన చర్చి మనకు గుర్తు. బస్తీ హద్దులు చెప్పడమంటే ఎక్కడెక్కడ మనల్ని ఆపారో చెప్పడమే అన్నమాట.

బయటివాళ్ళకు మాత్రం మన బస్తీల గుర్తు వాసన. ముషీరాబాద్ పక్కన భోలక్‌పూర్ ఉంది. తోళ్ళ గోదాములు, పాత సామాను దుకాణాలు, ముస్లింలూ దళితులూ పక్కపక్కనే బతికే గల్లీలు. దారిన పోయేవాళ్ళు ముక్కు మూసుకుని భోలక్‌పూర్ వచ్చిందని చెప్పుకుంటారు. 2009 మే నెలలో అక్కడ నల్లా నీళ్ళలో మురుగు కలిసి, ఆ నీళ్ళు తాగి పదిమందికి పైగా చనిపోయారు. చోటును వాసనతో గుర్తుపట్టడం అలవాటైతే అక్కడి మురుగు కూడా సహజంగానే కనిపిస్తుంది. పేరు పెట్టడంలో ఉన్న ప్రమాదం ఇదే.

పేరు మీద పోరాటం ఈ నగరంలో కొత్తది కాదు. మాదరి భాగయ్యగా 1888లో ఇక్కడే పుట్టిన భాగ్యరెడ్డి వర్మ 1910లో ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో మన పిల్లలకు బడులు పెట్టాడు. ఈ లింగంపల్లి కాచిగూడ దగ్గరిది, ఈనాడు అందరికీ తెలిసిన రైల్వేస్టేషన్ లింగంపల్లి కాదు. 1911లో మన్య సంఘం నడిపాడు. 1917లో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షుడిగా పోయి, అసలు ఈ 'పంచమ' అన్న పేరు మనకెందుకని నిలదీశాడు. మనం ఐదోవాళ్ళం కాదు, ఈ నేల మీద మొదటివాళ్ళం అన్నాడు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం 'ఆది హిందువులు' అన్న పేరు రాసుకోవాల్సి వచ్చింది. 'ధేడ్' అని రాసిన చేతులతోనే రాసుకోవాల్సి వచ్చింది.

ఆ పేరులోనూ అందరూ ఇమడలేదు. ఆ రోజుల్లోనే మాదిగ కార్యకర్తలు 'అరుంధతీయ' అన్న పేరుతో వేరుగా సంఘం పెట్టుకున్నారు. వాడ అంటే ఒక్క ముద్ద కాదు, అందులో రెండు వాడలున్నాయన్న నిజాన్ని మనం దాచుకోనక్కర్లేదు. బయటివాడు పెట్టిన పేరును కాదన్నవాళ్ళు తమలో తాము కూడా పేరు గురించి తేల్చుకోవాల్సిందే.

ఇదే కాలంలో నగరం రూపు కూడా మారింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ తర్వాత 1910లలో లియొనార్డ్ మన్ చేతుల మీదుగా నగరం పటాలు వివరంగా గీశారు. 1912లో నగరాన్ని బాగుచేసే బోర్డు పుట్టింది. ఇరుకు ఇళ్ళు కూల్చడం, రోడ్లు వేయడం, కొత్త ఇళ్ళు కట్టడం దాని పని. ఉర్దూలో దాని పేరు 'ఆరాయిషె బల్దా', అంటే నగరాలంకరణ. పేదల ఇళ్ళు తీసేయడం నగరానికి అలంకారమన్న ఆలోచన ఆ పేరులోనే ఉంది. ఆ పేరు పోయింది గానీ ఆలోచన పోలేదు.

1956 తర్వాత బస్తీల పేర్లలో 'నగర్'ల కాలం వచ్చింది. అంతకు ముందే గాంధీగారి దయవల్ల మాలమాదిగ వాడలు హరిజనవాడలయ్యాయి. ఆ మాట సర్టిఫికెట్లలో రాయొద్దని కేంద్ర ప్రభుత్వం 1982లో చెప్పినా, వాడల బోర్డుల మీద చాలా కాలం అలాగే ఉండిపోయింది. మనవాళ్ళు పెట్టుకున్న పేర్లు వేరు. అంబేద్కర్ నగర్, జగ్జీవన్‌రాం నగర్, సంజీవయ్య నగర్, అరుంధతీ నగర్. చిలకలగూడలో పుట్టి, అక్కడి నుంచే 1950ల మొదట్లో మున్సిపల్ కౌన్సిలర్‌గా గెలిచి, తర్వాత రిపబ్లికన్ పార్టీ తరఫున అసెంబ్లీ దాకా పోయిన ఈశ్వరీబాయి వంటి వాళ్ళు ఈ బస్తీల మధ్య నుంచే వచ్చారు.

నాయకుడి పేరు పెట్టుకోవడం ఒట్టి అభిమానం కాదు. గుడిసెలు వేసుకున్న చోట బోర్డు పాతితే దానికొక చిరునామా వస్తుంది. చిరునామా ఉంటే రేషన్ కార్డు, కరెంటు మీటరు, ఆఖరికి పట్టా. పైగా బాబాసాహెబ్ పేరున్న బోర్డును పీకడానికి ఏ అధికారైనా ఒకసారి ఆలోచిస్తాడు. బస్తీవాళ్ళకు ఈ లెక్క బాగా తెలుసు. అందుకే నగరంలో అంబేద్కర్ నగర్ ఒకటి కాదు, ఎన్నో ఉన్నాయి. దూరం నుంచి చూసే చదువరులకు ఇది ఒకే పేరు పదిసార్లు వాడినట్టు కనిపిస్తుంది. మాకు మాత్రం పది చోట్ల పాతిన పట్టాలా కనిపిస్తుంది.

'కాలనీ' అన్న మాట కథ ఇంకా విచిత్రం. హైదరాబాద్‌లో కాలనీ అంటే మర్యాదస్తుల చోటు, బస్తీ అంటే బీదల చోటు. అందుకని బస్తీలు కూడా నాలుగు పక్కా ఇళ్ళు లేచాక కాలనీ అని బోర్డు మార్చుకుంటాయి. అదే పల్లెకు పోతే కాలనీ అంటే ఎస్సీ కాలనీ. "కాలనీవాళ్ళు" అన్నారంటే ఎవరి గురించో అందరికీ అర్థమవుతుంది. తమిళనాడులోనూ ఇంతే, అక్కడి ప్రభుత్వం 2025లో ఈ మాటను రికార్డుల నుంచి తీసేస్తామని ప్రకటించింది. మాట ఒకటే. పట్నంలో పైకి లేపేదే పల్లెలో కిందికి తోస్తుంది. కాబట్టి మచ్చ మాటలో లేదు, గీతలో ఉంది. గీత అలాగే ఉంటే ఎంత శుభ్రమైన మాట తెచ్చి పెట్టినా కొన్నేళ్ళకు అదీ మాసిపోతుంది.

మహారాష్ట్ర ప్రభుత్వం 2020 డిసెంబరులో కులం పేర్లున్న వాడల పేర్లన్నీ మార్చాలని నిర్ణయించింది. తిట్టును బోర్డు మీద నుంచి దించడం మంచిదే, మేము కాదనడం లేదు. కానీ రెండు ప్రశ్నలు అడుగుతున్నాం. కొత్త పేరు పెట్టేదెవరు, వాడవాళ్ళా, కలెక్టరాఫీసా? పాత పేరుతో పాటు ఆ చోట జరిగిన చాకిరీ, అవమానం, కొట్లాట కూడా రికార్డుల్లోంచి పోతే రేపు వాటికి సాక్ష్యం ఏది?

దీనికి జవాబు ఈ నగరంలోనే ఒకసారి దొరికింది. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం హాస్టళ్ళ నుంచి వెలేసిన ఐదుగురు దళిత విద్యార్థులు ఆరుబయట డేరా వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. ఆ నెల 17న వాళ్ళలో ఒకడైన రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. దాచుకోవాల్సిందని అందరూ అనుకున్న పేరును ఆ పిల్లలు పట్టపగలు నిలబెట్టారు. ఆ పేరు వింటే తలదించుకోవాల్సింది వాళ్ళు కాదు, వెలేసినవాళ్ళు. ఒకే పేరు, పెట్టిన చెయ్యి మారితే అర్థం తలకిందులైంది.

ఇక ఇటీవలి సంగతి. 2024 సెప్టెంబరులో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ ప్రాంతాల ఇళ్ళ గోడల మీద అధికారులు ఎర్ర రంగుతో 'ఆర్‌బి–ఎక్స్' అని రాసి పోయారు. నదీగర్భంలో ఉన్న ఇల్లు, తీసేయాల్సింది అని దానర్థం.  ఆ చోట పుట్టి పెరిగి అక్కడే పిల్లల పెళ్ళిళ్ళు చేసినవాళ్ళకు అది మూసానగర్. కాగితానికి అది ఒట్టి నది అడుగు. కొందరికి వేరే చోట రెండు పడక గదుల ఇళ్ళిచ్చారు. ఇల్లు ఇవ్వగలరేమో, మోరీ నుంచి గుడి దాకా ఉన్న బస్తీని ఎట్లా ఇస్తారు? నగరాలంకరణ బోర్డుకూ ఎర్ర రంగు రాతకూ మధ్య నూరేళ్ళకు పైగా గడిచాయి. పేరు పెట్టే అధికారం మాత్రం చేతులు మారలేదు.

అందుకే కార్యకర్తలకూ, విద్యార్థులకూ, బడిపంతుళ్ళకూ మా మనవి ఒకటే. మీ బస్తీ పేరు ఎవరు పెట్టారో, అంతకు ముందు ఏమనేవారో, హద్దు ఎక్కడిదాకానో ముసలివాళ్ళను అడిగి రాసి పెట్టండి. తిట్టు పేరైనా రాయండి, ఎవరు తిట్టేవాళ్ళో కూడా రాయండి. బోరింగు ఎప్పుడు వేశారో, మొదటి పట్టా ఏ ఏడు వచ్చిందో రాయండి. గోడ మీద ఎర్ర రాత పడ్డనాడు, ఇది నది అడుగు కాదు, మా వాడ అని చెప్పడానికి మన చేతిలో మనం రాసుకున్న కాగితం ఉండాలి.